ఏనుగు తొండానికి ఏ సైజు కవరు?

ప్రశ్న: అక్కా, మాది గోపాలపట్నం. ఏడాదిగా ఇన్‌స్టాలో ఏటికొప్పాక బొమ్మలు అమ్ముతున్నాను. దుద్దులు, కీచైన్లు, కుంకుమ భరిణెలు, లక్కపిడతల సెట్లు, ఏనుగులు. ఎవరైనా అడిగితే అరకు కాఫీ ప్యాకెట్లు కూడా కలిపి పంపుతాను. అన్నిటికీ ఒకటే సైజు ఉంటే తలనొప్పి ఉండదని 10×12 అంగుళాల బబుల్ కవర్లు మూడు వందలు ఒకేసారి తెప్పించాను. ఇప్పుడు రెండు విధాలా దెబ్బ. కొరియర్ బిల్లు నేను వేసుకున్న లెక్క కంటే ఎక్కువ వస్తోంది. పోయిన నెల నాలుగు ఏనుగులకు తొండాలు విరిగాయి. ఒకావిడ ఫొటో తీసి స్టోరీలో పెట్టేసింది. పికప్‌కి వచ్చే అబ్బాయి కవరు నొక్కి చూసి "ఏటండి మేడం, గాలి పంపుతున్నారా?" అంటాడు. అసలు ఏ సైజు కొనాలి? మిగిలిన రెండు వందల పైచిలుకు కవర్లు ఏం చేయాలి? "ఫ్రాజైల్" స్టిక్కరు వేస్తే సరిపోతుందా?

సమాధానం: అమ్మా, ఆ పికప్ అబ్బాయి మాటకు మీకు ఒళ్లు మండి ఉంటుంది గానీ, మీ ఉత్తరానికి సగం జవాబు అతనే చెప్పేశాడు. మీరు పంపుతున్నది నిజంగానే గాలి. ఆ గాలికి కొరియర్ వాళ్లు బిల్లు వేస్తున్నారు, ఆ గాలిలోనే ఏనుగు అటూ ఇటూ దొర్లి తొండం విరగ్గొట్టుకుంటోంది. మీరు చెప్పిన రెండు దెబ్బలకూ మూలం ఒకటే.

ఏ సైజు కొనాలని అడిగారు. దానికి ముందు, ఆ 10×12 మీకు ఎందుకు నచ్చిందో ఊహించగలను. అన్నిటికంటే పెద్ద వస్తువును కవరు మీద పెట్టి చూసి ఉంటారు. సరిపోయింది కదా, చిన్నవి ఎలాగూ పడతాయి అనుకుని ఉంటారు. నేనూ మొదట్లో అంతే చేశాను. మనం కవరు కొనేటప్పుడు వస్తువు ముఖం చూస్తాం, పొడవు వెడల్పు చూస్తాం, మందం చూడం. కవరు సైజును తేల్చేది మాత్రం ఆ మందమే.

దిండు గలీబు ఉంది కదా. ఉతికి, ఇస్త్రీ చేసి పరిచినప్పుడు ఎంత వెడల్పుగా ఉంటుంది? దిండు దూర్చగానే పక్కలు లోపలికి వచ్చేసి ఎంత చిన్నదవుతుంది? బబుల్ కవరూ అంతే. దుకాణంలో బల్లపరుపుగా ఉన్నప్పుడు చెప్పే సైజు, మీ వస్తువు లోపలికి వెళ్లాక ఉండదు. ఎంత మందం పెడితే వెడల్పులో అంత పోతుంది, పొడవులోనూ అంత పోతుంది.

కాబట్టి కొలవడానికి స్కేలు కంటే పురికొస మేలు. దర్జీ టేపు ఉంటే ఇంకా మంచిది. వస్తువును ఎలా పంపుతారో అలాగే చుట్టండి, టిష్యూ, బబుల్ షీటు అన్నీ అయ్యాక. అప్పుడు నడుముకు మొలతాడు కట్టినట్టు దాని చుట్టూ పురికొస ఒక చుట్టు తిప్పండి. వచ్చిన కొలతలో సగం తీసుకుని, దానికి సెంటీమీటరున్నర కలపండి. అది కవరుకు కావలసిన లోపలి వెడల్పు. అలాగే నిలువుగా ఇంకో చుట్టు తిప్పి, సగం చేసి, సెంటీమీటరున్నర కలిపితే లోపలి పొడవు. పెట్టెలాంటి వస్తువైతే పురికొస కూడా అక్కర్లేదు. వెడల్పు, మందం కూడితే సగం చుట్టు వచ్చేస్తుంది. గుండ్రంగా ఉండే భరిణెల దగ్గరే పురికొస పని.

లోపలి వెడల్పు అని రెండుసార్లు అన్నాను, కావాలనే. 6×8 అని రాసి అమ్మే కవరు బయటి కొలత అది, అంగుళాల్లో. రెండు పక్కలా అతుకు, లోపల బబుల్ పొర కలిసి వెడల్పులో దాదాపు సెంటీమీటరున్నర తినేస్తాయి. పొడవులో అడుగు అతుకు ఒక సెంటీమీటరు తింటుంది. కొందరు 8×10+2 అని రాస్తారు. ఆ రెండు అంగుళాలు మడిచి అంటించే నాలుక. దాన్ని లెక్కలో కలుపుకోకండి. ఇంకొందరు నాలుకను కూడా పొడవులో కలిపేసి రాస్తారు. ఆన్‌లైన్లో కొనేటప్పుడు ఫొటో కింద ఉన్న చిన్న అక్షరాలు చదవాల్సింది ఇందుకే.

మీ లక్కపిడతల సెట్టు ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, నా దగ్గర ఇప్పుడు ఒకటి ఉంది, బల్ల మీద పెట్టుకునే ఇది రాస్తున్నాను. దాని అట్టపెట్టె పొడవు 17 సెంటీమీటర్లు, వెడల్పు 11, ఎత్తు 4. దీన్ని 6×8 కవరు మీద పెడితే చక్కగా లోపలే ఉంటుంది. 6 అంగుళాలంటే 15.2 సెంటీమీటర్లు, అతుకులు పోగా 13.7. పెట్టె 11 కదా, ఇంకా జాగా ఉన్నట్టే కనిపిస్తుంది. దూర్చి చూస్తే సగం దాకా వెళ్లి బిగుసుకుపోతుంది. ఎందుకంటే 11కి 4 కలిపితే 15, ఉన్నది 13.7. బలవంతంగా నెట్టారా, పక్క అతుకు పిగులుతుంది. ఇంట్లోనే పిగిలితే అదృష్టం. చాలాసార్లు లారీలో పిగులుతుంది, లక్కపిడతల్లో చిన్న చట్టి ఒకటి ఎక్కడో బస్తాల మధ్య మిగిలిపోతుంది.

అదే పెట్టెకు లెక్క ప్రకారం వెళ్దాం. 15కి సెంటీమీటరున్నర కలిపితే 16.5. నిలువుగా 17, 4 కలిపి 21, దానికీ సెంటీమీటరున్నర కలిపితే 22.5. 8×10 కవరు లోపల దాదాపు 18.8, 24.4 ఉంటాయి. హాయిగా దూరుతుంది, కొద్దిగా మాత్రమే వదులు. 7 అంగుళాల వెడల్పు ఉన్న కవరైతే 16.3 వస్తుంది, అది బిగుతు. రోజుకు ఇరవై ప్యాకింగులు చేసే చేతికి బిగుతు కవరంటే విసుగు. 8×10 తీసుకోండి.

ఇప్పుడు మీ 10×12లో ఇదే పెట్టె పెడితే ఏమవుతుందో చూడండి. కొరియర్ వాళ్లు రెండు బరువులు చూస్తారు. ఒకటి తూకం వేసింది. రెండోది కొలిచింది: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు, కిలోల్లో వస్తుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి బిల్లు. భాగించే అంకె 4000 అయితే బిల్లు ఇంకా పెరుగుతుంది, మీ కొరియర్‌ది ఎంతో ఒకసారి అడిగి రాసుకోండి. మీ సెట్టు తూకం పావు కిలోకి కాస్త ఎక్కువ అనుకుందాం. 8×10లో బిగించి పెడితే నిండిన కవరు 22×17×5 అవుతుంది. గుణిస్తే 1870, 5000తో భాగిస్తే 374 గ్రాములు. అర కిలో స్లాబులో, అంటే బిల్లులో మొదటి మెట్టు మీద ఉన్నారు. 10×12లో పెట్టి, అంచులు అలా వదిలేసి ఇస్తే కొలత 30×25×5. గుణిస్తే 3750, భాగిస్తే 750 గ్రాములు. స్లాబు ఐదు వందల గ్రాములకొకటి కాబట్టి మీకు పడేది కిలో బిల్లు. వస్తువు అదే, ఊరు అదే, ఒక మెట్టు ఎక్కువ. ప్రతి కవరునూ కొలుస్తారా అంటే కొలవరు. కానీ మెషీను మీద కొలిచిన రోజు వారం తర్వాత తేడా బిల్లు వస్తుంది, అప్పటికి మీరు కస్టమరు దగ్గర పాత లెక్కకే డబ్బులు తీసుకుని ఉంటారు. మీకు అర్థం కాకుండా పెరుగుతున్నదని రాశారే, అది ఇదే అయి ఉండాలి.

అలాగని దుద్దులకు చిన్నదాంట్లో చిన్న కవరు వెతక్కండి. ఇక్కడ ఇంకో అడ్డం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. లేబులు. థర్మల్ ప్రింటరు మీద వచ్చే కొరియర్ లేబులు మామూలుగా 4×6 అంగుళాలు ఉంటుంది. దుద్దుల కార్డుకు సరిపోయే బుల్లి కవరు మీద ఆ లేబులు పట్టదు. అంచు దాటి వెనక్కి మడుస్తాం. బార్‌కోడ్ సరిగ్గా ఆ మడత మీద పడితే స్కానరు చదవదు, కవరు పక్కన పెట్టేస్తారు, మీ పార్సిలు రెండు రోజులు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వస్తువు ఎంత చిన్నదైనా లేబులు బల్లపరుపుగా పట్టేంత కవరు ఉండాలి. అందుకే నా లెక్కలో అన్నిటికంటే చిన్న కవరు 6×8. దుద్దులు, కీచైన్లు, ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం బొమ్మలు అన్నీ అందులోకే. వదులు మిగిలితే దుద్దులను ఒక గట్టి అట్టముక్కకు టేపుతో బిగించండి, అట్టముక్క కవరు లోపలి వెడల్పంత ఉండాలి. కదలదు, వంగదు.

కదులుతోందో లేదో తెలుసుకోవడానికి సంతలో కొబ్బరికాయ కొన్నట్టే. చెవి దగ్గర పెట్టి ఊపండి. కొబ్బరికాయలో నీళ్లు మోగితే మంచిది, ఇక్కడ ఏం మోగినా మంచిది కాదు.

ఇక ఏనుగుల సంగతి. వీటికి ఏ సైజు కవరని అడిగితే, ఏ సైజూ కాదంటాను. బబుల్ కవరు ఏనుగుల కోసం పుట్టలేదు. అసలు ఆ బబుల్ షీటే ప్యాకింగు కోసం పుట్టలేదు లెండి. 1957లో అమెరికాలో ఫీల్డింగ్, షవాన్ అనే ఇద్దరు ఇంటి గోడకు అంటించే కొత్తరకం కాగితం చేద్దామని రెండు ప్లాస్టిక్ పరదాలను కలిపి అతికిస్తే మధ్యలో గాలి బుడగలు మిగిలాయి. గోడలకు ఎవరూ కొనలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు గానీ కంప్యూటర్లు చుట్టి పంపడానికి పనికొస్తుందని తేలలేదు. ఆ గాలి బుడగ తట్టుకునేది తగిలే దెబ్బను. మీద పడి కూర్చునే బరువును కాదు. కవరును ఎవరైనా విసిరితే బుడగ కాపాడుతుంది. కవరు మీద ఇరవై కిలోల బియ్యం బస్తా పెట్టి శ్రీకాకుళం నుంచి విజయవాడ దాకా తీసుకెళ్తే బుడగ నెమ్మదిగా నలిగిపోతుంది, ఆ బరువంతా తొండం మీద పడుతుంది.

అందులోనూ ఈ బొమ్మలు చేసేది అంకుడు కర్రతో. తేలిక, మెత్తన, తరిణి మీద తిప్పి చెక్కడానికి అంత హాయైన కర్ర ఇంకోటి లేదంటారు వరాహ నది ఒడ్డున, ఏటికొప్పాకలో. కానీ ఆ మెత్తదనమే సన్నటి భాగాల దగ్గర మనకు శత్రువు. ఏనుగు ఒళ్లు ఒక ముక్క, తొండం విడిగా చేసి అతికించిన ముక్క. ఎడ్లబండి అయితే కాడి, ఇరుసు. ఇలా ఏ వస్తువులో ఏ భాగమైనా మీ చిటికెన వేలి కంటే సన్నగా బయటికి పొడుచుకుని ఉంటే దాన్ని కవరులో పంపకండి. చుట్టాక మందం నాలుగు సెంటీమీటర్లు దాటినా పంపకండి. దూరుతుంది గానీ, దూరడం వేరు, క్షేమంగా చేరడం వేరు. భరిణెనే చూడండి. చుట్టాక ఏడు సెంటీమీటర్ల లావు, తొమ్మిది ఎత్తు అనుకుందాం. పురికొస చుట్టితే 22, సగం 11, కలిపితే 12.5. 6×8లో లెక్క ప్రకారం దూరిపోతుంది. దూరాక ఆ కవరు ఏ పక్కకు పెట్టినా దొర్లుతుంది, బెల్టు మీద నిలవదు, లేబులు ముడతలు పడి బార్‌కోడ్ వంకర తిరుగుతుంది. భరిణెకు మూడు పొరల చిన్న అట్టపెట్టె కొనండి. ఏనుగుకూ అంతే.

మూడు పొరలంటే మధ్యలో అలల్లా ముడతలున్న అట్ట ఉన్న పెట్టె, మిఠాయి పెట్టె కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే మీలాంటి ఒకమ్మాయి కాజా పెట్టెలో ఏనుగును పంపింది. ఏనుగు చేరింది గానీ, నాలుగు ముక్కలుగా చేరింది.

ఏనుగును చుట్టేటప్పుడు నేనేం చేస్తానో చెబుతాను. ముందు టిష్యూ పేపరు ఒక పొర. తర్వాత టిష్యూనే చేతిలో నలిపి ఉండ చేసి, తొండానికీ ముందుకాళ్లకూ మధ్య ఉన్న ఖాళీలో మెత్తగా కూరుతాను. తొండం ఎక్కువగా విరిగేది బయటి దెబ్బకు కాదు, ఆ ఖాళీలోకి నొక్కుకుపోవడం వల్ల. ఖాళీ నిండితే తొండానికి వెనక ఆసరా దొరుకుతుంది. చెవుల వెనక కూడా అంతే, కాస్త చిన్న ఉండ. అప్పుడు గానీ బబుల్ షీటు చుట్టను, రెండు చుట్లు, బుడగలు లోపలికి ఉండేలా. టేపు షీటు మీదే పడాలి, బొమ్మ మీద కాదు. పెట్టెలో అడుగున నలిపిన కాగితం రెండు వేళ్ల మందం, పైన రెండు వేళ్లు, పక్కల్లోనూ అంతే. మూత మూస్తుంటే కొద్దిగా ఎదురు నెట్టినట్టు ఉండాలి, పొట్ట నిండినవాడికి ఇంకో లడ్డు పెట్టినట్టు.

టిష్యూ ముందు, బబుల్ తర్వాత. ఈ వరుస తప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ల కిందట ఒక పెళ్లికి తాంబూలంలో ఇవ్వడానికని నలభై కుంకుమ భరిణెలు హైదరాబాద్ పంపాను. మే నెల. తొందరలో టిష్యూ మానేసి నేరుగా బబుల్ షీటు బిగించి చుట్టాను. పార్సిలు ఎక్కడో రేకుల షెడ్డులో మూడు రోజులు ఆగింది. లక్క అంటే ఏమిటి? తిరిగే కర్రకు లక్క పుల్లను ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. వేడికి అంటినది వేడికి మెత్తబడదా? మెత్తబడింది, బుడగలన్నీ అచ్చు గుద్దినట్టు దిగిపోయాయి. పెళ్లికూతురి అమ్మగారు ఫోన్ చేసి, "ఏమండీ, భరిణెలకు అమ్మవారు పోసినట్టుంది" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. మొగలి ఆకుతో మళ్లీ మెరుగు పెడితే పోయే మచ్చలు కూడా కావు, గుంటలు. నలభై మళ్లీ చేయించి, నా ఖర్చుతో బస్సు పార్సిల్లో పంపి, ముహూర్తానికి నాలుగు గంటల ముందు అందేలా చూశాను. అప్పటి నుంచి టిష్యూ లేకుండా లక్క వస్తువు మా ఇంటి గుమ్మం దాటలేదు. న్యూస్‌పేపరు చుట్టకండి, పసుపు, గులాబీ రంగుల మీద సిరా నల్లగా దిగుతుంది. టిష్యూ అయిపోతే ఉతికిన పాత నూలు చీర ముక్క చాలు.

భరిణె మూతల గురించి ఒక్క మాట. మన వైజాగ్ తేమకు కర్ర కాస్త ఉబ్బి ఉంటుంది, మూత బిగుతుగా పడుతుంది. అదే ఎండాకాలంలో ఢిల్లీ వైపు వెళ్తే ఆ పొడి గాలికి కర్ర లాక్కుని మూత వదులు కావచ్చు, దార్లోనే ఊడి లోపల దొర్లొచ్చు. మూత విడిగా టిష్యూలో చుట్టి భరిణె పక్కనే పెట్టండి. రబ్బరు బ్యాండు మాత్రం వద్దు, వేసవిలో లక్కకు అతుక్కుపోయి రంగుతో సహా ఊడి వస్తుంది.

ఢిల్లీ అన్నాను కాబట్టి, మీకు దూరపు ఆర్డర్లు పెరిగే ఉంటాయి. 2017లో ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు వచ్చినప్పుడు కూడా ఇంత లేదు. 2025 గణతంత్ర దినోత్సవానికి కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు ఊరేగాక ఎక్కడెక్కడి వాళ్లో అడుగుతున్నారు. దూరం పెరిగే కొద్దీ చేతులు మారడం పెరుగుతుంది. అందుకే కొత్త వస్తువు ఏదైనా మొదటిసారి ప్యాక్ చేసినప్పుడు దాన్ని నడుము ఎత్తు నుంచి గచ్చు మీద వదిలి చూడండి. పరుపు మీద కాదు, గచ్చు మీద. ఒకసారి బల్లపరుపుగా, ఒకసారి అంచు మీద, ఒకసారి మూల మీద. మనసు ఒప్పదు, తెలుసు. మీ ఇంట్లో విరిగితే పోయేది ఒక బొమ్మే.

కాగితం కవరా, ప్లాస్టిక్ కవరా అని మీరు అడగలేదు. అయినా అడగాల్సిందే. గోధుమరంగు కాగితం కవరు చూడ్డానికి బాగుంటుంది, ఏటికొప్పాక సహజరంగులతో జత కుదురుతుంది, ఇన్‌స్టా ఫొటోకి కూడా. డిసెంబరు నుంచి మే దాకా వాడుకోండి. జూన్ నుంచి మనకు వానలు, అవి పోయాక అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనాలు. హుద్‌హుద్ తుఫాను వచ్చింది అక్టోబరు 12నే కదా. ఆ నెలల్లో పైన ప్లాస్టిక్ ఉన్న బబుల్ కవరే నయం. కాగితం తడిస్తే అడుగు అతుకు దగ్గరే ముందు విడిపోతుంది. ఇంకో సంగతి, మన ఊరి ఉప్పుగాలికి కాగితం కవర్లు గదిలో కూడా మెత్తబడతాయి, నాలుక మీద ఉన్న జిగురు పట్టు తప్పుతుంది. అంటించినట్టే ఉంటుంది, సాయంత్రానికి లేస్తుంది. కవర్ల కట్టను బియ్యం డబ్బాలాంటి మూత డబ్బాలోనో, ముడి వేసిన పెద్ద ప్లాస్టిక్ సంచిలోనో పెట్టండి. మంచం కింద వద్దు. ఏ కాలమైనా చిరునామా రాసిన చీటీ ఇంకొకటి లోపల వేయండి, పైన లేబులు చెరిగిపోయినా పార్సిలు అనాథ కాదు.

కాఫీకి బబుల్ కవరు దండగ. పొడి విరుగుతుందా, పగులుతుందా? మామూలు కొరియర్ కవరు చాలు. ప్యాకెట్టు మీద చిన్న రంధ్రంలా ఉంటుందే, గాలి బయటికి పోయే వాల్వు, దాని మీద టేపు అంటించకండి, బరువు పడేలా కూరకండి. బొమ్మతో కలిపి పంపాల్సి వస్తే బొమ్మ పెట్టె విడిగా, కాఫీ విడిగా, రెండూ కలిపి ఒక కవరులో. మా చెల్లెలి మనవడి గిలక్కాయ నెల రోజులు కాఫీ వాసన వచ్చింది. వాడు దాన్ని ఎప్పుడూ నోట్లోనే పెట్టుకునేవాడు, మా చెల్లెలికి అదొక టెన్షన్.

కొనేటప్పుడు ఆన్‌లైన్లో వందలు వందలు తెప్పించే ముందు ఒక మధ్యాహ్నం పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ వైపు వెళ్లి రండి. చుట్టేసిన వస్తువులు సంచిలో వేసుకుని వెళ్లండి, దుకాణంలోనే దూర్చి చూడండి. చెప్పుల షాపుకి వెళ్తూ కాళ్లు ఇంట్లో పెట్టి వెళ్తామా? ఒక్కో సైజు పదేసి చొప్పున తీసుకుని నెల వాడండి. మీరు చెప్పిన సరుకుకు 6×8, 8×10, రెండు సైజుల అట్టపెట్టెలు, అంతకు మించి అక్కర్లేదని నా అంచనా. వంటింటి తూకం మిషను ఒకటి ప్యాకింగు బల్ల మీదే ఉండనివ్వండి. మీది 500 గ్రాముల స్లాబు అయితే, 490 దగ్గర తేలిన పార్సిలుకు ఇంకో చుట్టు టేపు వేసే ముందు ఆలోచించాలి.

స్టిక్కరు సంగతి. వేయండి, తప్పు లేదు. నేనూ వేస్తాను. కానీ బెల్టు మీద జారే పార్సిలుకు స్టిక్కరు చదివేవాళ్లు ఎవరుంటారు? మూటలోంచి మూటలోకి రాత్రి రెండు గంటలకు వేసే మనిషికి మీ ఎర్ర అక్షరాలు ఎక్కడ కనిపిస్తాయి? స్టిక్కరు వేశాం కదా అని లోపల ఒక చుట్టు తగ్గించకండి, అంతే. ఒక్క చోట మాత్రం అది పనికొస్తుంది: మీరే తీసుకెళ్లి ఆర్టీసీ కార్గో కౌంటరులో ఇచ్చే పార్సిల్ మీద. అక్కడ తీసుకునే మనిషికి నోటితో కూడా చెప్పొచ్చు, "బాబూ, బొమ్మలు, పైన పెట్టండి" అని. దగ్గరి ఊళ్లకు అది నాకు బాగానే నడిచింది.

మిగిలిన 10×12లు పారేయకండి. ఒక కవరును పొడవునా సరిగ్గా మధ్యకు కత్తిరిస్తే రెండు సన్నటి కవర్లు వస్తాయి, ఒక్కోదానికి ఒక పక్క తెరుచుకుని ఉంటుంది. ఆ పక్కను రెండంగుళాల టేపుతో ముందూ వెనకా కలిసేలా మూసేయండి. ఐదు అంగుళాల వెడల్పు, లోపల పదకొండు సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది. లేబులు నాలుగు అంగుళాలే కాబట్టి నిలువుగా పడుతుంది. దుద్దుల కార్డు, కీచైన్లు పెట్టి, మిగిలిన పొడవు వెనక్కి మడిచి అంటించండి. లేబులు ఆరు అంగుళాలు పట్టేంత మాత్రం వదలండి. మరీ చిరిగినట్టున్నవి విప్పి పరిస్తే బబుల్ షీటే, ఏనుగుల పెట్టెల్లో పక్కలకు వేసుకోవచ్చు, నున్నటి వైపు బొమ్మకు, బుడగల వైపు పెట్టెకు ఉండేలా. అలా వేస్తే లక్క మీద అచ్చులు పడే భయమూ ఉండదు. నాలుగు లక్కపిడతల సెట్లు ఒకే ఇంటికి వెళ్లే దసరా ఆర్డర్లు వస్తాయి చూడండి, వాటికి మాత్రం 10×12 చాలదు, అట్టపెట్టెలే వాడండి.

ఆ స్టోరీ పెట్టినావిడకు ముందు ఇంకో ఏనుగు పంపండి, ఈసారి పెట్టెలో. విరిగిన ఏనుగు వెనక్కి పంపమని అడగకండి, ఆ రిటర్ను ఖర్చుతో ఇంకో తొండం వస్తుంది. కుదిరితే విరిగిన చోటు దగ్గరగా ఫొటో తీసి పెట్టమనండి. మొదట్లోనే విరిగితే అతుకు వదిలిందని అర్థం, బొమ్మ చేసినాయనకు చెప్పాలి. మధ్యలో విరిగితే ఆ తప్పు మన ప్యాకింగుది.